రికార్డు రూము నుంచి మేడమీది కంప్యూటరు దాకా



ప్రత్యేక సంచికకు సర్వీసు జ్ఞాపకాలు ఏవైనా వ్రాయమని సంపాదకవర్గం వారు అడిగారు. రిజిస్ట్రేషన్ శాఖలో 1972లో చేరి 2007లో రిటైరైనవాణ్ణి కనుక జ్ఞాపకాలకు కొదవలేదు. అయితే ఈసారి ఆఫీసు సంగతులతోపాటు, అల్లూరులో మా ఇంట్లో రెండు కంప్యూటర్లకూ ఒక ప్రింటరుకూ పొత్తు కుదర్చడానికి నేను పడిన పాట్లు కూడా చెప్పదలచుకున్నాను. ఈ రెండింటికీ ఏమిటి సంబంధం అని మీరు అడగవచ్చు. ఆఫీసులో ముప్ఫై అయిదేళ్ళు నేను రోజూ జవాబు చెప్పిన ప్రశ్నలు రెండే. కాగితం ఎక్కడ ఉంది? దాన్ని ఎవరు చూడవచ్చు? ఇంట్లో కంప్యూటర్ల మధ్య వచ్చిన తగాదా కూడా చివరికి ఈ రెండు ప్రశ్నల దగ్గరికే వచ్చింది.

తిరిగి వచ్చిన దరఖాస్తు

మా ప్రాంతపు సభ్యుల వివరాల జాబితా కొన్నేళ్ళుగా నా దగ్గరే ఉంటున్నది. పి.పి.ఓ. నంబరు, బ్యాంకు ఖాతా, కుటుంబ పెన్షనుకు అర్హులైనవారి పేరు, పుట్టిన తేదీ, ఇవన్నీ అందులో ఉంటాయి. జాబితా అసలు మేడమీద పాత కంప్యూటరులో ఉన్నది. ప్రింటరు మాత్రం కింద, కొత్త కంప్యూటరుకు తగిలించి ఉన్నది. మోకాళ్ళ నొప్పులు వచ్చాక మెట్లెక్కడం తగ్గించి, మనవరాలి చేత పెన్‌డ్రైవులో నకలు తెప్పించుకొని కిందనే పని చేసుకునేవాణ్ణి. కింద దిద్దినది పైకి ఎక్కేది కాదు, పైన మా అబ్బాయి చేర్చినది కిందికి దిగేది కాదు. ఏడాది తిరిగేసరికి ఒకే జాబితాకు మూడు నకళ్ళు తయారైనాయి.

ఇంతలో నాతోపాటు పనిచేసిన మిత్రుడొకరు కాలం చేశారు. ఆయన సతీమణి కుటుంబ పెన్షను దరఖాస్తు నేనే నింపి ఇచ్చాను. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో విలీనమైన తర్వాత బ్రాంచీల ఐ.ఎఫ్.ఎస్. కోడ్‌లు మారిన సంగతి మనందరికీ తెలిసినదే. కొత్త కోడ్ మేడమీది జాబితాలో ఉన్నది, నా ముందున్న నకలులో లేదు. నేను పాతదే వేశాను. పాస్‌బుక్కుతో సరిపోలేదని దరఖాస్తు తిరిగి వచ్చింది. అందులో ఆఫీసువారి తప్పు ఏమీ లేదు. దస్తావేజులో ఒక్క సర్వే నంబరు తేడా ఉన్నా వెనక్కి ఇచ్చిన చేతులే నావి కూడా.

ఆమె ఇంటికి వెళ్ళి సంగతి చెప్పాను. "పోనీలే అన్నా, ఒక నెల ఆలస్యమైతే ఏమైంది" అన్నదామె. ఆ నెల ఆమెకు ఎట్లా గడుస్తుందో నాకు తెలుసు. కోపగించుకొని ఉంటేనే నాకు తేలికగా ఉండేది. అసలు ఒక్కటే ఉండాలి, అందరూ ఆ అసలునే చూడాలి అనే మాట ఆ రోజు ఇంటికి నడిచి వచ్చేటప్పుడు గట్టిగా అనుకున్నాను.

నాలుగు పుస్తకాలు

నిజానికి ఆ మాట నాకు కొత్త కాదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ప్రతి ఆఫీసులోనూ కొన్ని పుస్తకాలు ఉంటాయి. స్థిరాస్తి దస్తావేజులు 1వ పుస్తకంలో, రిజిస్ట్రీ నిరాకరించిన కారణాలు 2వ దానిలో, వీలునామాలు, దత్తత అధికార పత్రాలు 3వ దానిలో, తక్కినవి 4వ దానిలో చేరతాయి. వాటిని ఎవరు చూడవచ్చో అదే చట్టం 57వ సెక్షన్ చెబుతుంది. మొదటి రెండు పుస్తకాలనూ, 1వ పుస్తకం సూచికలనూ రుసుము కట్టిన ఎవరైనా చూడవచ్చు. వీలునామా నకలు, వ్రాసినవారు బ్రతికి ఉండగా వారికో వారి ఏజెంటుకో తప్ప ఇతరులకు ఇవ్వరాదు. 4వ పుస్తకంలోని నకలు దస్తావేజు వ్రాసి ఇచ్చినవారికీ, దాని మూలంగా హక్కు పొందినవారికీ మాత్రమే. 3, 4 పుస్తకాలను వెతికే పని సబ్‌రిజిస్ట్రారుదే, పార్టీల చేతికి ఇవ్వకూడదు.

ఆ రోజుల్లో దస్తావేజు మొత్తాన్ని చేత్తో పుస్తకంలోకి ఎత్తి వ్రాసేవాళ్ళం. ఇ.సి. కావాలంటే ఏళ్ళ తరబడి సూచికలు తిరగేయాలి. ఒకే సంపుటం కావలసిన గుమాస్తాలు ఇద్దరుంటే ఒకరు చూసేదాకా రెండోవారు కూర్చోవలసిందే. 1998 నవంబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 'కార్డ్' అనే పథకం 214 సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుల్లో మొదలైంది. రిజిస్ట్రేషన్ శాఖ పాలనను కంప్యూటర్ల సాయంతో నడపడమని దాని అర్థం. రోజులు పట్టే ఇ.సి. నిమిషాల్లో చేతికి వచ్చింది. మా కళ్ళకు అంతకన్నా వింతగా కనిపించినది మరొకటి. ఇద్దరు గుమాస్తాలు రెండు బల్లల దగ్గర కూర్చొని, ఒకే రికార్డును ఒకే సమయంలో చూస్తున్నారు! సంపుటం ఎవరి చేతికిందా లేదు. బల్లలకు మధ్య ఒక తీగ మాత్రం ఉన్నది.

ప్రింటరు కోసం పుట్టిన తీగ

ఆ తీగ కథ రిటైరైన తర్వాత తీరికగా చదువుకున్నాను. అమెరికాలో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో జిరాక్స్ కంపెనీ వారి పరిశోధన కేంద్రం ఒకటి ఉండేది. 1970ల మొదట్లో అక్కడ ఆల్టో అనే చిన్న కంప్యూటర్లను తయారుచేశారు. గ్యారీ స్టార్క్‌వెదర్ అనే ఆయన లేజర్ ప్రింటరును రూపొందించారు. ప్రింటరు చాలా ఖరీదైనది, కంప్యూటర్లేమో ఎన్నో. ఒక్కొక్క కంప్యూటరుకు ఒక్కొక్క ప్రింటరు ఇవ్వడం కుదిరే పని కాదు. అన్నింటినీ ఒకే ప్రింటరుకు కలపడమెట్లా అన్న అవసరంలోంచి 1973లో రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ అనే ఇద్దరు ఈథర్‌నెట్ అనే పద్ధతిని తయారుచేశారు. అంటే ఈ విద్య పుట్టుకలోనే ప్రింటరు పంపకం ఉన్నది. మా ఇంట్లో ప్రింటరు మొరాయించినప్పుడు, ఇది ఎంత పాత తగాదానో తెలిసి కొంత ఊరట కలిగింది.

తీగ వేస్తే చాలదు. 'ఫలానా ఫైలు తెరవాలి, ఫలానా కాగితం అచ్చు వేయాలి' అని ఒక కంప్యూటరు మరొకదాన్ని అడగడానికి ఒక భాష కావాలి. 1980ల మొదట్లో ఐ.బి.ఎం.లో బ్యారీ ఫైగెన్‌బామ్ అనే ఇంజనీరు అట్లాంటి భాషకు శ్రీకారం చుట్టారు. దాన్ని ఎస్.ఎం.బి. అంటారు. ఎన్నో మార్పులు పొందినా మన ఇళ్ళలోని విండోస్ కంప్యూటర్లు ఈనాటికీ మాట్లాడుకునే భాష అదే. అదే కాలంలో, 1983లో, నావెల్ కంపెనీ నెట్‌వేర్ వచ్చింది. 1990లలో కంప్యూటరు కోర్సులు చేసిన మన పిల్లలకు ఆ పేరు గుర్తుండే ఉంటుంది.

ఇరుగుపొరుగు

ఇంతవరకు ఇదంతా ఆఫీసుల సంగతి. ప్రత్యేకంగా సర్వరు అక్కరలేకుండా బల్లమీది కంప్యూటర్లే ఒకదానికొకటి ఇచ్చిపుచ్చుకునే ఏర్పాటు 1992లో 'విండోస్ ఫర్ వర్క్‌గ్రూప్స్'తో వచ్చింది. 1995 ఆగస్టులో వచ్చిన విండోస్ 95లో తెరమీద 'నెట్‌వర్క్ నైబర్‌హుడ్' అనే బొమ్మ ఉండేది. నైబర్‌హుడ్ అంటే ఇరుగుపొరుగు. అది నొక్కితే పక్క గదిలోని కంప్యూటర్ల పేర్లు కనిపించేవి. ఆ పేరులోనే ఆనాటి ధోరణి ఉన్నది. పల్లెలో పొరుగింటికి చేట అప్పు అడగబోయినప్పుడు తాళం చెవి అడగం కదా! తీగమీద ఉన్నవాళ్ళంతా మనవాళ్ళే అనే ధీమా అది.

విండోస్ కాని కంప్యూటర్లకు ఈ భాష నేర్పినవారు ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిజెల్. కాన్‌బెరాలో విద్యార్థిగా ఉండగా 1991 చివరలో మొదలుపెట్టారు. ఎస్, ఎం, బి అక్షరాలు వరుసగా వచ్చే మాటకోసం నిఘంటువు గాలిస్తే 'సాంబా' దొరికిందట, ఆ పేరే పెట్టారు. అది ఉచితంగా అందరికీ అందింది. 2009లో విండోస్ 7తోపాటు ఇళ్ళకోసం 'హోమ్‌గ్రూప్' అనే సులువైన ఏర్పాటు వచ్చింది. ఒక్క పాస్‌వర్డుతో ఇంట్లోని కంప్యూటర్లన్నీ కలిసేవి. 2018లో దాన్ని విండోస్ 10 నుంచి తొలగించారు. మునుపు ఇంట్లో నడిచినది ఇప్పుడెందుకు నడవదు అని అడిగే మిత్రులకు సగం జవాబు ఇక్కడ దొరుకుతుంది.

2017 మే

మిగతా సగం జవాబు 2017 మే 12న ఉన్నది. ఆ రోజు 'వన్నాక్రై' అనే దుష్ట ప్రోగ్రాము లోకం మీద పడింది. ఎస్.ఎం.బి. మొదటి రూపంలోని ఒక లోపాన్ని పట్టుకొని, ఎవరూ ఏమీ నొక్కకుండానే ఒక కంప్యూటరునుంచి మరొకదానికి పాకింది. ఫైళ్ళకు తాళం వేసి, తీయాలంటే 300 డాలర్లు కట్టమన్నది. సుమారు 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లు దెబ్బతిన్నాయి. ఇంగ్లండులో ఆసుపత్రులు రోగులను వెనక్కి పంపవలసి వచ్చింది. మన రాష్ట్రంలో కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లకూ సోకినట్లు అప్పుడు పత్రికల్లో చదివాం. లోపాన్ని సరిచేసే మందు మార్చిలోనే విడుదలైంది. వేసుకోనివారే ఎక్కువగా నష్టపోయారు.

ఆ ఏడాది చివరికి వచ్చిన విండోస్ 10 రూపంలో ఆ పాత భాషను కొత్తగా పెట్టే కంప్యూటర్లకు ఇవ్వడం మానేశారు. 2021లో ప్రింటరుకు కాగితాలను వరుసపెట్టే భాగంలో మరొక లోపం బయటపడింది, అక్కడా బందోబస్తు పెరిగింది. 2024 నాటి విండోస్ 11లో ఊరూపేరూ చెప్పని అతిథిని లోపలికి రానివ్వని నియమాలు ఇంకా బిగిశాయి. ఒక్కొక్క తాళం వెనుక ఒక్కొక్క దొంగతనం ఉన్నది. తాళం పడిన రోజు మాత్రం ఇంటివాడికి అది చెడిపోయిన తలుపులాగే కనిపిస్తుంది.

మా ఇంటి తగాదా

ఇక మా ఇంటికి వస్తాను. దరఖాస్తు తిరిగి వచ్చిన వారంలోనే కింది కంప్యూటరునుంచి మేడమీది జాబితాను తెరవాలని కూర్చున్నాను. తెరుచుకోలేదు. ఇంటర్నెట్ రెండుచోట్లా బాగానే వస్తున్నది. విచిత్రమేమంటే, మేడమీదినుంచి పంపితే కింది ప్రింటరు చక్కగా అచ్చు వేస్తున్నది. కిందినుంచి పైకి మాత్రం దారి లేదు. మన పెన్నా డెల్టా కాలువలో నీళ్ళలాగా పైనుంచి కిందికే పారుతున్నది!

ఎక్కడో ఒక వీడియోలో ఫైర్‌వాల్ తీసేయండి, పాత ఎస్.ఎం.బి.ని తిరిగి పెట్టండి అని చెప్పారు. చేయబోయాను కూడా. పైన చెప్పిన చరిత్ర చదివి ఉండడంవల్ల చేయి ఆగింది. దొంగ దూరిన దొడ్డిదారిని మళ్ళీ తెరిచి, తలుపు బాగుపడిందనుకోవడం అవుతుంది అది.

సెలవులకు వచ్చిన మనవరాలు రెండు కంప్యూటర్ల చిరునామాలు కాగితంమీద వ్రాయమన్నది. కిందిది 192.168.1తో మొదలైంది, పైది 192.168.0తో. చూడగానే నవ్వింది. "తాతా, ఇంట్లో రెండు ఊళ్ళు కట్టి మధ్యలో గోడ పెట్టింది నువ్వే గదా!"

ఆ గోడ నేను కట్టినదే. మేడమీద వైఫై సరిగా అందడం లేదని అటకమీది పాత రౌటరు దించి, కిందినుంచి తీగ లాగి, 'ఇంటర్నెట్' అని వ్రాసి ఉన్న గడిలో పెట్టాను. అది తన వెనుక వేరే ఊరు కట్టుకొని, వేరే చిరునామాలు పంచిపెట్టింది. ఆ ఊరివాళ్ళు బయటికి వెళ్ళవచ్చు, బయటివాళ్ళు లోపలికి రాలేరు. అమ్మాయి ఆ రౌటరుకు కింది ఊరిలో ఎవరికీ లేని ఒక చిరునామా ఇచ్చి, చిరునామాలు పంచే పని మాన్పించి, తీగను మిగతా గడుల్లో ఒకదానికి మార్చింది. చాలా రౌటర్లలో దీనికి 'యాక్సెస్ పాయింట్' అనే ఏర్పాటు విడిగా ఉంటుంది. ఊళ్ళు రెండూ ఒకటైనాయి.

అయినా తలుపు తెరుచుకోలేదు. అప్పుడు ఒక్కొక్క మెట్టూ చూసుకుంటూ వెళ్ళాం. మేడమీది కంప్యూటరు మన వైఫైని 'పబ్లిక్' అని వ్రాసుకొని ఉన్నది, అంటే బస్టాండులో ఉన్నానని దాని ఉద్దేశం. బస్టాండులో ఎవరూ సంచి తెరిచి చూపించరు. దాన్ని 'ప్రైవేట్' చేసి, ఫైళ్ళు, ప్రింటర్ల పంపకానికి అనుమతించాం. ఆ తర్వాత పేరూ పాస్‌వర్డూ అడిగింది. మా ఇంట్లో ఎవరున్నారులే అని పైదానికి నేను పాస్‌వర్డే పెట్టలేదు. పాస్‌వర్డు లేని ఖాతాతో దాని ముందు కూర్చొని పని చేసుకోవచ్చుగాని, తీగమీదుగా లోపలికి రానివ్వదు. ఒకటి పెట్టాం. తెర తీయడానికి వాడే నాలుగంకెల పిన్ ఇక్కడ చెల్లదు, అసలు పాస్‌వర్డే కావాలి. చివరికి జాబితా తెరుచుకున్నది గాని దిద్దనివ్వలేదు. అనుమతి రెండుచోట్ల ఉంటుంది, పంపకం దగ్గర ఒకటి, ఫోల్డరు దగ్గర ఒకటి. రెండింటిలో ఏది తక్కువైతే అదే చెల్లుతుంది. నాకు దిద్దే అధికారం, మా అబ్బాయికి చూసే అధికారం ఇచ్చాం. తక్కినవారికి అసలు కనిపించదు. మన సభ్యుల ఖాతా నంబర్లు 4వ పుస్తకం వంటివి, 1వ పుస్తకం కావు.

ఇదే చిక్కు వచ్చిన మిత్రులకు ఉపయోగపడుతుందని ఆ వరుసను ఇక్కడ ఇస్తున్నాను. పై మెట్టుమీద కుస్తీ పట్టేముందు కింది మెట్టు చూసుకోవాలి.

మొదట, ఫైలు గాని ప్రింటరు గాని ఉన్న కంప్యూటరు మేలుకొని ఉన్నదా? అరగంటకు నిద్రపోయేట్లు పెట్టి ఉంటే మనం ఎంత పిలిచినా పలకదు.

రెండు, రెండు కంప్యూటర్లూ ఒకే ఊరివేనా? ఇళ్ళలో సామాన్యంగా చిరునామాలోని మొదటి మూడు అంకెలు ఒకటే కావాలి. 169.254తో మొదలైతే దానికి రౌటరు చిరునామా ఇవ్వలేదని అర్థం, తీగో వైఫైయో చూసుకోవాలి. అతిథులకోసం పెట్టిన వైఫైలో ఉన్నా సామాన్యంగా పక్కదాన్ని చూడనివ్వదు.

మూడు, నెట్‌వర్క్ 'ప్రైవేట్' అని ఉన్నదా, పంపకానికి అనుమతి ఉన్నదా?

నాలుగు, జాబితాలో పేరు కనిపించలేదని నిరాశపడవద్దు. పేరు కనిపించడం వేరు, మనిషి ఇంట్లో ఉండడం వేరు. చిరునామా అంకెలనే నేరుగా కొట్టి చూడాలి.

అయిదు, ఆ కంప్యూటరులోని పేరూ పాస్‌వర్డూ సరిగా ఇచ్చామా?

ఆరు, రెండుచోట్లా అనుమతి ఉన్నదా?

ప్రింటరు ఒక్కటే మొరాయిస్తే, వరుసలో ఇరుక్కున్న పాత కాగితాన్ని రద్దుచేసి, 'ప్రింట్ స్పూలర్' అనేదాన్ని ఆపి మళ్ళీ మొదలుపెడితే చాలాసార్లు కదులుతుంది. మరొక్క మాట. విండోస్ 10కు కంపెనీవారి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. మేడమీది కంప్యూటరు ఆ కాలపుదే కనుక దాన్ని మార్చే ఏర్పాటులో ఉన్నాను. అసలు ఒక్కటే అన్నాను గనుక, అది పోతే అంతా పోతుంది. కాబట్టి నెలకొకసారి విడి డిస్కులోకి నకలు తీసి, తీగ ఊడదీసి, తేదీ వ్రాసి బీరువాలో పెడుతున్నాను. ఆ నకలు దాచుకోవడానికే, దిద్దడానికి కాదు.

ముగింపు

ఆమె దరఖాస్తును రెండోసారి కింద కూర్చొనే, మేడమీది అసలును తెరిచి నింపాను. పాస్‌బుక్కు పక్కన పెట్టుకొని, ఆమె చేత ఒక్కొక్క అంకె చదివించుకుంటూ సరిచూశాను. కుటుంబ పెన్షను బకాయితో సహా వచ్చింది. ఆ కబురు చెప్పడానికి వచ్చినప్పుడు, ఆర్డరు కాగితం ఇంకొక ప్రతి తీసి ఇవ్వమన్నారు. తీసి ఇచ్చాను. నా పొరపాటు సంగతి ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేకపోయాను. అందుకే ఇక్కడ వ్రాసుకుంటున్నాను.

పంచుకోవడమంటే ఎవరికి పడితే వారికి ఇచ్చేయడం కాదని 1908లో చట్టం వ్రాసినవారికి తెలుసు. తీగలు వేసినవారు దాన్ని కొంతకాలం మరిచి, దెబ్బతిని మళ్ళీ నేర్చుకున్నారు. నేను రెండుచోట్లా పనిచేసి కూడా నా ఇంట్లో నేర్చుకోవలసి వచ్చింది.

అల్లూరు పరిసరాల సభ్యులకు ఒక మనవి. వీలున్న రోజు పాస్‌బుక్కు, పి.పి.ఓ. తీసుకొని దయచేయండి. జాబితాలో మీ వరుసను మీ ఎదుటనే తెరిచి సరిచూద్దాం. కుటుంబ పెన్షనుకు అర్హులైనవారిని కూడా వెంటబెట్టుకొని వస్తే మరీ మంచిది. రేపు ఆ కాగితంతో అవసరం పడేది వారికే కనుక.

సెలవు.